ఉపవాసం కంటే ముందు మందుల చీటీ

2021 కార్తీకమాసం రెండో సోమవారం నాడు, మధ్యాహ్నం నాలుగు గంటల వేళ, నేను మా వంటింటి గడప దగ్గర కూలబడిపోయాను. తెల్లవారుజామునే తలస్నానం చేసి, శివాలయంలో దీపం పెట్టి వచ్చి, ఎప్పటిలాగే ఏడున్నరకు షుగరు మాత్రలు వేసుకుని, నక్షత్రాలు కనబడేదాకా మంచినీళ్లు తప్ప మరేమీ ముట్టకూడదన్న నియమం పెట్టుకున్న రోజు అది. మూడు గంటల నుంచే చేతులు సన్నగా వణుకుతున్నాయి, నుదుట చల్లటి చెమట పడుతున్నది, గుండె దడదడలాడుతున్నది. అయినా అదంతా ఉపవాసపు నీరసమేనని, ఇంకో రెండు గంటలు ఓర్చుకుంటే దీపాలు పెట్టి భోజనం చేయవచ్చునని సర్దిచెప్పుకుంటూ వంట మొదలుపెట్టాను. మా తోడికోడలు ఆ సమయానికి వంటింట్లోకి రాకపోతే ఏమయ్యేదో ఊహించడానికి ఇప్పటికీ మనసు ఒప్పదు. ఆమె నా వేలికి సూది గుచ్చి చూస్తే గ్లూకోమీటరులో 52 అని వచ్చింది. గ్లాసు నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి నోటికి అందించి, "అక్కా, ముందు ఇది తాగు, శివుడు ఏమీ అనుకోడు" అన్నది. పావుగంట తర్వాత చూస్తే 68, ఇంకో అరగ్లాసు తాగాక 94. అప్పుడు అన్నం పెట్టింది.

అప్పటికి నాకు మధుమేహం బయటపడి అయిదేళ్లు. తెనాలికి దగ్గర్లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. క్లోమం ఎక్కడ ఉంటుందో, ఇన్సులిన్ ఏం చేస్తుందో, కాలేయం చక్కెరను ఏ రూపంలో దాచుకుంటుందో ప్రతి ఏడూ నల్లబల్ల మీద బొమ్మలు గీసి పిల్లలకు చెప్పే మనిషిని. ఆ పాఠానికీ, పొద్దున నేను వేసుకున్న చిన్న మాత్రకూ, ఆ రోజు నా ఉపవాసానికీ ఉన్న సంబంధం మాత్రం నాకు తట్టలేదు. మర్నాడు వైద్యుని దగ్గరికి వెళ్లి జరిగింది చెబితే ఆయన, "ఉపవాసం ఉండడం తప్పని నేను అననమ్మా, కానీ ఏమీ తినని రోజున ఆ మాత్ర ఎందుకు వేసుకున్నారు?" అని అడిగారు. "ఒక్క రోజు కూడా మానవద్దని మీరే చెప్పారు కదండీ" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. మందులు రాసేటప్పుడు ఉపవాసాలు ఉంటారా అని తాను అడిగి ఉండవలసిందని తర్వాత ఆయనే అన్నారు.

ఇది జరిగిన తర్వాత నేను ఉపవాసాన్ని వదిలిపెట్టలేదు. ఆ వైద్యుని పర్యవేక్షణలోనే, దినచర్యలో భాగంగా, గడియారం చూసి తినే పద్ధతికి, అంటే రోజులో కొన్ని గంటల్లోపే తిండి ముగించే పద్ధతికి మారాను. దానివల్ల నాకు మేలు జరిగింది. ఇది తెలిసిన బంధువులు, తోటి ఉపాధ్యాయులు, మా విద్యార్థుల తల్లిదండ్రులు "ఎన్ని గంటలు ఉంటున్నారు, ఎప్పుడు తింటున్నారు" అని అడుగుతుంటారు. "మీరు ఏ మందులు వాడుతున్నారు" అని నేను ఎదురు అడిగితే, దానికీ దీనికీ ఏమిటి సంబంధం అన్నట్టు చూస్తారు. అందుకే మందుల సంగతితోనే మొదలుపెడుతున్నాను.

ఆ రోజుల్లో నేను వాడుతున్నవి రెండు మందులు, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అనేవి సల్ఫొనైల్‌యూరియా అనే ఒకే కుటుంబానికి చెందినవి. ధర తక్కువ, పని గట్టిగా చేస్తాయి. అవి క్లోమంలోని బీటా కణాల చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి, కానీ రక్తంలో చక్కెర ఎంత ఉందో చూసుకుని ఆగే గుణం వాటికి లేదు. గ్లిమెపిరైడ్ ప్రభావం ఇంచుమించు రోజంతా ఉంటుంది. మామూలుగా మనం తినకుండా ఉన్నప్పుడు రక్తంలో ఇన్సులిన్ తగ్గిపోతుంది, అది తగ్గడం చూసే కాలేయం తాను దాచుకున్న గ్లైకోజెన్‌ను చక్కెరగా మార్చి రక్తంలోకి వదులుతుంది, మెదడుకు ఆ చక్కెరే ఆధారం. మాత్ర వేసుకున్నందువల్ల ఇన్సులిన్ తగ్గకపోతే కాలేయం తన నిల్వను విప్పదు, తిండి నుంచి వచ్చేదీ ఉండదు. ఆ సోమవారం మధ్యాహ్నం నా ఒంట్లో జరిగింది అదే.

మెట్‌ఫార్మిన్ తీరు వేరు. అది ప్రధానంగా కాలేయం అవసరానికి మించి చక్కెర వదలకుండా చూస్తుంది కనుక, అదొక్కటే వాడేవారికి షుగరు ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ వంటి మందులు కూడా, వేరే మందులతో కలపనంతవరకు, ఈ విషయంలో నెమ్మదైనవే. ఇప్పుడు చాలామంది చీటీల్లో కనబడుతున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ చక్కెరను మూత్రంతో పాటు బయటికి పంపుతాయి, వాటితో వచ్చే ఇబ్బంది మరో రకం. వాటిని వేసుకుంటూ నీళ్లు కూడా తాగని కటిక ఉపవాసం చేస్తే ఒంట్లో నీరు తగ్గి కళ్లు తిరుగుతాయి. దీర్ఘంగా తినకుండా ఉంటే, కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు రక్తంలో పేరుకుని ఆమ్లత పెరిగే ప్రమాదం కూడా ఉన్నది. ఆ స్థితిలో గ్లూకోమీటరు అంకె అంత భయపెట్టేదిగా ఉండకపోవచ్చు కనుక, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలైనా "షుగరు బాగానే ఉందిగా" అని ఇంట్లో కూర్చుండిపోతారు. అలా కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇక ఇన్సులిన్ తీసుకునేవారికి మోతాదూ వేళా రెండూ మార్చకుండా ఒక్క పూట భోజనం మానడం కూడా ప్రమాదమే. రక్తపోటు మాత్రలను సైతం మరచిపోకూడదు. తిండి తగ్గి బరువు తగ్గుతున్న కొద్దీ పాత మోతాదు ఎక్కువై, లేచి నిలబడగానే తూలు వస్తుంది.

మందులు తగ్గించుకుంటే ఇక భయం లేదనీ అనుకోకూడదు. న్యూజీలాండ్‌లో 41 మంది టైప్ 2 మధుమేహులతో (ఇన్సులిన్ తయారవుతున్నా అది సరిపోని, సరిగా పనిచేయని రకం వారితో) వారానికి రెండు రోజుల ఉపవాసాన్ని పరీక్షించిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. అందులో ముందుగానే మందులు తగ్గించినా, ఉపవాసం ఉన్న రోజుల్లో షుగరు పడిపోయే అవకాశం మామూలు రోజుల కంటే ఇంచుమించు రెట్టింపు ఉన్నట్టు తేలింది. కాబట్టి గ్లూకోమీటరు, స్ట్రిప్పులు ఇంట్లో లేనివారు ఈ పద్ధతి మొదలుపెట్టకూడదని నా నిశ్చితాభిప్రాయం. ఒక్కో స్ట్రిప్పుకు ఇరవై రూపాయల దాకా అవుతుంది, మొదటి రెండు వారాలు రోజుకు నాలుగుసార్లు చూసుకోవాలి, అది చాలా కుటుంబాలకు భారమేనని నాకు తెలుసు. తెలిసే చెబుతున్నాను.

ఈ విషయంలో నాకు ఆదర్శంగా కనిపించింది మా పాఠశాలలోనే పనిచేసే ఒక సహోపాధ్యాయురాలు. ఆమె రంజాన్ నెలంతా ఉపవాసం ఉంటారు, మధుమేహం వచ్చి పదేళ్లు దాటింది. ప్రతి ఏడూ రంజాన్‌కు నెలా రెండు నెలల ముందే వైద్యుని దగ్గరికి వెళ్లి, ఏ మాత్ర సాయంత్రం ఉపవాసం విరిచే ఇఫ్తార్‌కు, ఏ మాత్ర తెల్లవారకముందు తినే సహరీకి, ఏది సగం చేయాలి అన్నది కొత్త చీటీగా రాయించుకుని వస్తారు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య, రంజాన్ ఉపవాసాల మీద పనిచేసే ఒక వైద్యుల కూటమితో కలిసి 2016లో ఇందుకోసం మార్గదర్శకాలు ప్రచురించింది, 2021లో వాటిని సవరించింది. ఎవరికి ప్రమాదం ఎక్కువో ముందే లెక్కగట్టడం, రోజుకు ఒక్కసారి వేసుకునే గ్లిమెపిరైడ్ వంటి మాత్రను ఇఫ్తార్ వేళకు జరపడం, పగలు రక్తపరీక్ష చేసుకుంటే ఉపవాసం చెడదని రోగులకు స్పష్టంగా చెప్పడం, షుగరు 70 కంటే పడినా 300 దాటినా అప్పటికప్పుడు ఉపవాసం విరమించడం వాటిలోని ముఖ్యాంశాలు. వీటి వెనుక కారణం ఉన్నది. 13 దేశాలలో 12 వేల మందికి పైగా మధుమేహుల వివరాలు సేకరించి 2004లో ప్రచురించిన ఎపిడియార్ అధ్యయనంలో, రంజాన్ నెలలో టైప్ 2 వారికి షుగరు తీవ్రంగా పడిపోయే ఘటనలు ఏడున్నర రెట్లు పెరిగినట్టు కనబడింది. మా సహోపాధ్యాయురాలు ఇదంతా ఎంతో సహజంగా, ఉపవాసంలో ఒక భాగంగా చేసుకుపోతారు. కార్తీక సోమవారాలకూ, ఏకాదశులకూ, మహాశివరాత్రికీ మన ఇళ్లలో ఎవరైనా ఇలా ముందుగా వైద్యుణ్ణి కలవడం నేను చూడలేదు. పూలు, వత్తులు, ఉసిరికాయలు వారం ముందే సమకూర్చుకుంటాం, మాత్రల గురించి ఎవరమూ ఆలోచించం.

మన ఉపవాసాలు కూడా అన్నీ ఒక్క తీరువి కావు. నక్తం అంటే పగలంతా ఉండి చుక్క కనబడ్డాక తినడం. ఒక్కపొద్దు అంటే రోజుకు ఒకే భోజనం. ఏకాదశికి కొందరు నిరాహారం, కొందరు పండ్లూ పాలూ. శనివారానికి రాత్రి అన్నం మాని ఫలహారం. ఈ చివరిదాని గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఉపవాసం ఉంటున్నాం కనుక షుగరు తగ్గుతుందని నమ్మేవారిలో ఎక్కువమంది చేసేది ఇదే. మా ఇంట్లో శనివారం రాత్రి ఉప్పుడుపిండి చేయడం మా అత్తయ్య కాలం నుంచి ఉన్న ఆనవాయితీ. బియ్యపు రవ్వ, పెసరపప్పు, పైన ధారాళంగా నూనె. అన్నం తిన్న రోజు రెండు గంటల తర్వాత నాకు 190 ప్రాంతంలో ఉండే షుగరు, ఉప్పుడుపిండి తిన్న శనివారం 238 వచ్చింది. మరో శనివారం సగ్గుబియ్యపు కిచిడీకి 250 దాటింది. అన్నం లేకపోతే ఉపవాసమేనన్న లెక్క దేవుడికి సరిపోవచ్చు గానీ, బియ్యం రవ్వగా మారినంత మాత్రాన రక్తానికి అది వేరే పదార్థం కాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త సర్వేలో మన ఆహారంలోని శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నట్టు తేలింది. అదే సర్వే 2023లో దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నట్టు అంచనా వేసింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మన ఫలహారాల మీద నాకు ఎందుకింత పట్టింపో అర్థమవుతుంది.

తిండి తగ్గితే మధుమేహం తగ్గుతుందన్న గమనిక కొత్తది కాదు. 1870-71లో ప్రష్యా సైన్యం పారిస్ నగరాన్ని ముట్టడించినప్పుడు, ఆహారం కరువైన ఆ నెలల్లో తన రోగుల మూత్రంలో చక్కెర కనబడకుండా పోవడాన్ని అపోలినేర్ బూషార్దా అనే ఫ్రెంచి వైద్యుడు గమనించాడు. ఇన్సులిన్ రాకముందు న్యూయార్క్‌లో ఫ్రెడరిక్ అలెన్ మధుమేహులకు దీర్ఘకాలం అత్యల్పాహారం ఇచ్చి, వారి ఆయుష్షును కొన్ని నెలలో, కొన్ని ఏళ్లో పొడిగించగలిగాడు. కానీ ఆ రోగులలో చాలామంది ఇన్సులిన్ అసలే తయారుకాని పిల్లలు, యువకులు, వారిలో కొందరు ఆకలితోనే పోయారు. ఈ చరిత్రను నేను గుర్తుచేయడానికి కారణం ఒకటే. ఇన్సులిన్ అసలే తయారుకాని టైప్ 1 వ్యాధికీ టైప్ 2 వ్యాధికీ పేరు ఒకటే అయినా, ఉపవాసం విషయంలో ఒకరి అనుభవం మరొకరికి వర్తించదు. నేను చెబుతున్నదంతా టైప్ 2 గురించే.

ఈ కాలంలో ఆ పాత గమనికకు కొత్త బలం చేకూర్చినవాడు ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ టేలర్. 2011లో ఆయన బృందం 11 మంది టైప్ 2 మధుమేహులకు ఎనిమిది వారాలు రోజుకు 600 కెలరీల పానీయాలు, కొద్దిగా కూరగాయలు మాత్రమే ఇస్తే, వారం తిరిగేసరికి వారి పరగడుపు షుగరు మామూలు స్థాయికి వచ్చింది. ముందు కాలేయంలో, ఆ తర్వాత క్లోమంలో చేరిన కొవ్వు కరగడమే దీనికి కారణమని ఆయన వివరణ. ఆ తర్వాత స్కాట్లండులోనూ ఇంగ్లండులోని టైన్‌సైడ్‌లోనూ 306 మందితో జరిపిన 'డైరెక్ట్' అనే పరీక్షలో, ఏడాది తిరిగేసరికి అలాంటి ఆహారం తీసుకున్నవారిలో 46 శాతం మంది మందులు లేకుండా మధుమేహం నుంచి ఉపశమన స్థితికి చేరారు, మామూలు చికిత్స పొందినవారిలో అలా చేరినవారు 4 శాతమే. 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవారిలో అది 86 శాతం. ఇది గడియారం చూసి తినే ఉపవాసం కాదు, నెలల తరబడి రోజూ అతి తక్కువ తిండి. అయినా అసలు పని చేసేది ఏమిటో ఈ అంకెలే చెబుతున్నాయి. లోపలి అవయవాల్లో చేరిన కొవ్వు తగ్గాలి. దానికి దారి ఏదైనా కావచ్చు.

గడియారం చూసో, వారంలో కొన్ని రోజులు ఎంచుకునో ఉపవాసం ఉండే దారి మీద జరిగిన పరీక్షలు ఈ మాటనే బలపరుస్తున్నాయి. దక్షిణ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం 137 మంది టైప్ 2 మధుమేహులతో ఏడాది పాటు నిర్వహించి 2018లో ప్రచురించిన పరీక్షలో ఒక వర్గం వారానికి రెండు రోజులు మాత్రం 500 నుంచి 600 కెలరీలు తిని మిగతా అయిదు రోజులు మామూలుగా భోజనం చేసింది, రెండో వర్గం రోజూ 1200 నుంచి 1500 కెలరీలతో సరిపెట్టుకుంది. మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బిఎ1సి అనే రక్తపరీక్షలో శాతంగా వచ్చే అంకె) రెండు వర్గాల్లోనూ ఇంచుమించు సమానంగానే తగ్గింది. షికాగోలో 75 మందితో ఆరు నెలలు జరిపి 2023లో ప్రచురించిన పరీక్షలో, మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 లోపు మాత్రమే తిన్నవారికీ, కెలరీలు లెక్కపెట్టుకుని తిన్నవారికీ ఆ సగటు షుగరు రమారమి 0.9 శాతం చొప్పున తగ్గింది. చైనాలో కొత్తగా మధుమేహం బయటపడి ఇంకా మందులు వాడని 405 మందితో 16 వారాలు జరిపిన పరీక్ష 2024లో వెలువడింది. అందులో వారానికి రెండు రోజులు భోజనానికి బదులు తక్కువ కెలరీల పొడులతో గడిపినవారి సగటు 1.9 శాతం తగ్గితే, మెట్‌ఫార్మిన్ వాడినవారికి 1.6, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడినవారికి 1.5 తగ్గింది. ఈ మూడింటినీ చదివాక నాకు కలిగిన అభిప్రాయం ఇది: గంటలకు స్వతహాగా ఏదో మహత్తు ఉన్నదని కాదు, కెలరీలు లెక్కపెట్టడం చేతకాని మనుషులకు గంటలు లెక్కపెట్టడం సులభం. నాకు రోజూ అన్నం తూచుకుని తినడం ఏ నాడూ సాధ్యం కాలేదు, ఒక వేళ తర్వాత నోరు కట్టుకోవడం సాధ్యమైంది.

సాయంత్రం తిండి పొద్దు ఉండగానే ముగించడంలో మాత్రం బరువుతో సంబంధం లేని మేలు కూడా కొంత ఉండవచ్చు. అలబామా విశ్వవిద్యాలయంలో మధుమేహపు అంచున ఉన్న ఎనిమిది మంది మగవారికి అయిదు వారాల పాటు, మధ్యాహ్నం మూడింటి లోపే రోజు తిండి అంతా ముగిసేలా ఆరు గంటల వ్యవధిలో భోజనం పెడితే, బరువు తగ్గకుండానే ఇన్సులిన్ పనితీరు, రక్తపోటు మెరుగయ్యాయి. ఎనిమిది మంది అంటే చాలా చిన్న సంఖ్య, దాని మీద పెద్ద భవనం కట్టకూడదు. అయినా పొద్దున మానేసి రాత్రి ఎనిమిదికీ తొమ్మిదికీ తినడం కంటే, పొద్దున తిని సాయంత్రం ముగించడం మేలని నేను, మా వైద్యుడు కలిసి నిర్ణయించుకున్నాం.

అలా 2022 జనవరిలో మొదలైంది నా పద్ధతి. మొట్టమొదటి రోజునే గ్లిమెపిరైడ్ ఆపేశారు, మెట్‌ఫార్మిన్ పొద్దున, సాయంత్రం భోజనాలతో ఉంచారు. అప్పుడు నా ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, మూడు నెలల సగటు షుగరు, అంటే హెచ్‌బిఎ1సి, 8.3. మొదటి రెండు నెలలు పొద్దున ఎనిమిదింబావు నుంచి సాయంత్రం ఆరుంబావు దాకా, ఆ తర్వాత అయిదుంబావు దాకా మాత్రమే తినడం. అంతకంటే కుదించలేదు, కుదించే అవసరమూ కనబడలేదు. అన్నిటికంటే కష్టమైనది తెల్లవారుజాము కాఫీ. మా ఇంట్లో అయిదున్నరకే డికాక్షన్ వాసన వస్తుంది, అది లేకుండా రోజు మొదలుకాదు. కానీ పాలూ పంచదారా కలిసిన కాఫీ ఉపవాసాన్ని విరిచేస్తుంది, పంచదార లేకపోయినా పాలలో చక్కెర ఉంటుంది. మజ్జిగా అంతే. మూడు వారాలు ఉత్త డికాక్షన్ తాగాను, తర్వాత అదీ మానేసి, పాల కాఫీని ఎనిమిదింబావుకు టిఫిన్‌తో పాటు జరుపుకున్నాను. సాయంత్రం అయిదింటికి ఒక్కదాన్నే కూర్చుని తినడం, రాత్రి తొమ్మిదింటికి మావారికీ అబ్బాయికీ పోపు పెడుతూ ఆ వాసన మధ్య నిలబడడం మొదటి పదిహేను రోజులూ బాధగానే ఉండేది. ఆ తర్వాత రాత్రి ఆకలి దానంతట అదే సద్దుమణిగింది.

తినే గంటల్లో ఏం తిన్నామన్నది గంటల కంటే తక్కువ విషయం కాదు. పొద్దున ఉప్మా లేని పెసరట్లు రెండు, లేదా రెండు ఇడ్లీలతో గిన్నెడు సాంబారు, ఒక గుడ్డు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, దానికి రెండింతలు కూర, పప్పు, పెరుగు. సాయంత్రం ఒక జొన్న రొట్టె, ఆకుకూర పప్పు, లేదా గుగ్గిళ్లు. మాంసకృత్తులు తగ్గకుండా చూసుకోవడం గురించి మా వైద్యుడు మరీ మరీ చెప్పారు, ఎందుకంటే తిండి తగ్గినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, కండ తగ్గితే చక్కెరను ఖర్చుపెట్టే చోటే తగ్గిపోతుంది. భారతీయుల ఒంట్లో అసలే కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. పుణెకు చెందిన వైద్య పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ తన ఫోటోనూ, జాన్ యడ్‌కిన్ అనే ఇంగ్లండు పరిశోధకుడి ఫోటోనూ పక్కపక్కన పెట్టి 2004లో ప్రచురించారు. ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచిక (ఎత్తుకు బరువు ఎంత ఉందో చూపే బిఎంఐ) ఒక్కటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా ఉన్నాం కనుక మనకు తగ్గించుకోవలసింది ఏమీ లేదనుకునేవారు ఆ ఫోటో ఒకసారి చూడాలి. అలాగే సన్నటి వారు ఎన్ని కిలోలు తగ్గాలన్నది స్వయంగా నిర్ణయించుకోకూడదు.

నన్ను మొదట్లో బాగా కలవరపెట్టిన సంగతి ఇంకొకటి ఉన్నది. రాత్రి పడుకునే ముందు 112 ఉన్న షుగరు, పద్నాలుగు గంటలు ఏమీ తినకుండా తెల్లవారి చూస్తే 138 ఉండేది. తినకుండా ఎలా పెరిగింది? తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోను వంటివి పెరిగి, మేలుకోవడానికి శరీరాన్ని సిద్ధం చేస్తూ కాలేయం చేత చక్కెర వదిలిస్తాయి. మధుమేహం లేనివారిలో ఇన్సులిన్ దాన్ని అదుపు చేస్తుంది, మనలో చేయలేదు. ఆ ఒక్క అంకె చూసి ఉపవాసం పనిచేయడం లేదని మానేసినవారు నాకు తెలుసు, భయపడి పాత మాత్ర మళ్లీ మొదలుపెట్టినవారూ తెలుసు. ఈ రెండో పని మరింత అపాయకరం. నాకు ఆ తెల్లవారి అంకె 110లోకి దిగడానికి అయిదు నెలలు పట్టింది.

నాలుగు నెలలకు సగటు 6.9కి, ఏడాదికి 6.3కి వచ్చింది. బరువు 63 కిలోలు. 2023 వేసవిలో మా అమ్మాయి పెళ్లి. రెండు నెలలు విందులు, రాత్రి పది గంటల భోజనాలు, ప్రయాణాలు. మూడు కిలోలు తిరిగి వచ్చాయి, సగటు 6.8 అయింది. మళ్లీ పట్టుదలగా కొనసాగించాను. ఇప్పుడు 6.4, మెట్‌ఫార్మిన్ ఇంకా వాడుతున్నాను. మందులన్నీ ఆపి మూడు నెలలు గడిచాక కూడా సగటు 6.5 లోపు ఉంటేనే దాన్ని ఉపశమనం అనాలని 2021లో వైద్య నిపుణులు నిర్వచించారు, ఆ లెక్కన నేను ఇంకా అక్కడికి చేరలేదు. చేరినవారికి కూడా అది శాశ్వతం కాదు. డైరెక్ట్ పరీక్షలో ఏడాదికి 46 శాతం ఉన్న ఉపశమనం రెండేళ్లకు 36 శాతం అయింది, బరువు తిరిగి వచ్చినవారికి వ్యాధీ తిరిగి వచ్చింది.

అందుకే "ఇరవై ఒక్క రోజుల్లో షుగరు మాయం, మందులు చెత్తబుట్టలో వేయండి" అనే వీడియోలను చూస్తే నాకు కోపం వస్తుంది. వాటిలో చాలావాటికి 2016 నోబెల్ బహుమతి ఒక ప్రమాణపత్రం. కణాలు తమ లోపలి పాత భాగాలను తామే అరిగించుకునే ప్రక్రియను ఈస్టు కణాల్లో వివరించినందుకు జపాను శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి ఇచ్చిన బహుమతి అది. ఆయన మధుమేహులకు ఉపవాసం పెట్టి చూడలేదు. ఆ ఘనమైన పరిశోధనను తెచ్చి, ఇన్సులిన్ తీసుకునే మనిషి చేత మూడు రోజులు నీళ్లతో గడిపించడానికి వాడుకోవడం అన్యాయం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్ 1 వారు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారు, ఇంతకుముందు షుగరు పడిపోయి స్పృహ తప్పినవారు, ఒంటరిగా ఉండే వృద్ధులు, ఇప్పటికే బరువు తక్కువ ఉన్నవారు ఎవరు ఎంత చెప్పినా ఈ దారి పట్టకూడదు.

మా అత్తయ్యకు 74 ఏళ్లు, గ్లిమెపిరైడ్‌తో పాటు రాత్రి ఇన్సులిన్ కూడా ఉన్నది. నేను ఉంటున్నాను కనుక తానూ కార్తీక సోమవారాలు ఉంటానని పట్టుబట్టారు. కిందటేడు ఆవిడను వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన వద్దనే చెప్పారు, ఆ చెప్పడం కూడా ఓపికగా, అరగంట కూర్చోబెట్టి చెప్పారు. ఆవిడ చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "పోనీ, ఉల్లీ వెల్లుల్లీ మానేసి వేళకు తింటే అది నియమం కాదా?" అని ఆయననే అడిగారు. ఆయన లేచి నమస్కారం పెట్టారు. ఆ కార్తీకంలో నాలుగు సోమవారాలూ ఆవిడ ఎనిమిదింటికీ, పన్నెండున్నరకూ, ఏడింటికీ మడిగా వండినది తిని, మందులు వేళకు వేసుకుని, సాయంత్రం మాతో పాటు తులసికోట దగ్గర దీపం పెట్టారు. నేను మెట్‌ఫార్మిన్‌ను రాత్రి భోజనం దాకా ఆపుకుని నక్తం ఉన్నాను, రెండు గంటలకోసారి వేలికి సూది గుచ్చుకుంటూ. రెండో సోమవారం నాలుగు గంటలకు తోడికోడలు వచ్చి అంకె ఎంతని అడిగింది. 104.